జొన్నచేలో ఎవరున్నారు?

జర్మనీలో మా ఇంగోల్‌స్టాట్ ఊరి తెలుగువాళ్ళలో శశికాంత్‌గారిని ఎరగనివాళ్ళు లేరు. మంచివాడనో చెడ్డవాడనో కాదు, అనుమానం మనిషని. కొత్తగా దిగిన కుర్రాళ్ళెవరైనా సరే, వారం తిరక్కుండా ఆయన నోట ఒక ప్రశ్న వింటారు: "అది సరేనండి, చేలో ఎవరున్నారు?" ఇల్లు త్వరగా దొరికిందని చెప్పినా ఇదే ప్రశ్న. మేనేజరు నవ్వుతూ పలకరించాడని చెప్పినా ఇదే ప్రశ్న. పాపం, వాళ్ళు ఏ చేను, ఎవరి చేను అని బిక్కమొహం వేస్తారు.

మేం వాళ్ళ కింది వాటాలో ఉంటాం. మాది కరీంనగర్. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన భార్య అలివేలుమంగని వదినా అంటాను. అన్నా అన్నంత మాత్రాన ఆయన మీద నాకు ఒళ్ళు మండదని కాదు. ఒకసారి మా వీధి మలుపులో ఎవరో జర్మన్లు అట్టపెట్టె పెట్టి, "ఊరికే తీసుకోండి" అని రాసి వెళ్ళారు. అందులో నిక్షేపంలాంటి టోస్టరు. నేను చేతిలోకి తీసుకునేసరికి ఈయన ప్రత్యక్షం.

"పనిచేసేదాన్ని ఎవడైనా ఊరికే ఇత్తాడా ప్రవీణగారూ? ఆలోచించండి. చేలో ఎవరున్నారో!"

ఆ టోస్టరు ఇవాళ్టికీ మా ఇంట్లో పనిచేస్తోంది. ఆయన మాత్రం మా ఇంటికి వస్తే దానికి దూరంగా కూర్చుంటారు.

ఉద్యోగంలో మాత్రం ఆ గుణమే ఆయనకు అన్నం పెడుతోంది. కార్లలోపల పరిచే వైర్ల కట్టలు తయారుచేసే చోట తనిఖీ చేస్తారు. అందరూ బాగుందన్న కట్టని తిరగేసి, మరగేసి, ఎక్కడో ఒక వదులు పిన్ను బయటికి లాగుతారు. అక్కడివాళ్ళకి ఆయనంటే గౌరవం. అక్కడి తెలివిని ఇంటికి మోసుకొస్తేనే చుట్టుపక్కలవాళ్ళకి చిక్కు.

ఇంతకీ ఆ చేను కథ. ఆయనది పిఠాపురం దగ్గర చందుర్తి. రెండున్నర శతాబ్దాల కిందట ఆ ఊరి పొలాల్లో పరాసులూ ఇంగ్లీషువాళ్ళూ కొట్టుకున్నారు. ఫ్రెంచివాళ్ళని పరాసులనేవారట అప్పట్లో, ఆయన ఇప్పటికీ అలాగే అంటారు. ఇద్దరూ వ్యాపారానికి వచ్చినవాళ్ళే, ఇద్దరికీ కావలసింది మన రేవులూ మన శిస్తులూ. విజయనగరం రాజుగారు ఇంగ్లీషువాళ్ళతో చేయి కలిపారు. ఆ రోజు ఇంగ్లీషు కర్నలు ఒక ఎత్తు వేశాడు. తన తెల్ల సోల్జర్లని నిలువెత్తు జొన్నచేలో దాచాడు. బెంగాలు నుంచి వెంట తెచ్చుకున్న మన సిపాయిలకి ఎర్రకోట్లు తొడిగి, చేతికి ఇంగ్లీషు జెండా ఇచ్చి బయట నిలబెట్టాడు. దూరం నుంచి చూసిన పరాసులు ఎర్రకోటు కనబడగానే ఇంగ్లీషువాళ్ళు వీళ్ళేననుకుని మీద పడ్డారు. సిపాయిలు చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు పరుగెత్తారు. పరాసులు గెలిచామని తరుముతూ వరస తప్పారు. అప్పుడు చేలోంచి లేచారు తెల్లవాళ్ళు. పరాసుల పని అయిపోయింది.

శశికాంత్‌గారి తాత ఈ కథని పొలంలో చెప్పేవాడట. చెప్పి, మనవడి గడ్డం పట్టుకుని అనేవాడట: "ఒరే అబ్బాయ్, ముందు నిలబడ్డోడి కోటు చూడకు. చేలో ఎవడున్నాడో చూడు." ఆ మాట పిల్లవాడి బుర్రలో నాటుకుపోయింది. కాకినాడ చదువు దాన్ని పీకలేదు, జర్మనీ చలి దాన్ని చంపలేదు.

తాత ఇంకో సంగతి కూడా చెప్పేవాడట. ఆ సిపాయిల్ని బెంగాల్లో తెలింగాలనేవారని, మొదట మన తెలుగువాళ్ళే ఆ కొలువుకి వెళ్ళడం వల్ల ఆ పేరు నిలిచిందని. అది విన్నాక నాక్కూడా ఆ కథ మీద కొంచెం మనసు పోయింది. ఎంతైనా నేనూ ఆ పేరున్న గడ్డదాన్నే కదా.

ఇక ఆయన పెళ్ళి సంగతి. ఇంత అనుమానం మనిషి ఏరి కోరి ఎక్కడి పిల్లని చేసుకున్నారనుకున్నారు? విజయనగరం పిల్లని. పెళ్ళిచూపుల్లో ఆయన వేసిన మొదటి ప్రశ్న, "చందుర్తి యుద్ధం రోజున మీ రాజుగారు ఎక్కడున్నారో తెలుసా?" అని. వదిన బెదరకుండా, "నాకేటి తెలుసునండి, నేనప్పుటికి పుట్టలేదు" అందట. ఆ జవాబు నచ్చే చేసుకున్నానంటారాయన. కానీ రాజుగారిని మాత్రం వదల్లేదు. యుద్ధం జరుగుతుంటే రాజుగారి జనం ఎండిన చెరువు పల్లంలో నక్కి కూర్చున్నారన్నది ఆయన తాత మాట. పప్పులో ఉప్పు తక్కువైతే పల్లం. బస్సు తప్పిపోతే పల్లం. "మీవాళ్ళింతే మంగా, పల్లంలో కూర్చుంటారు." ఆవిడ మొదట్లో ఉడుక్కునేది, తరవాత నవ్వేది, ఆ తరవాత వినడం మానేసింది. మానేసిందని మేమంతా అనుకున్నాం.

కిందటి చలికాలం డాన్యూబు ఒడ్డున పాత సామాన్ల సంతలో ఆయనకి గ్రూబర్ అనే పెద్దాయన తగిలాడు. రిటైరైన బడిపంతులు. అంగుళం ఎత్తు తగరపు సైనికుల బొమ్మలని పోతపోసి, రంగులేసి, పాత యుద్ధాలని బల్లల మీద నిలబెట్టే సంఘానికి పెద్ద. ఆయన ముందున్న బొమ్మలు చందుర్తి యుద్ధం రోజుల్లోనే ఐరోపాలో సాగిన, జర్మన్లు ఏడేళ్ళ యుద్ధం అని చెప్పుకునేదానివి. శశికాంత్‌గారు వాటిని తదేకంగా చూసి, "ఈ యుద్ధం మా ఊరికి కూడా వచ్చింది" అన్నారట.

గ్రూబర్ ఆయన్ని కింది నుంచి పైకి చూశాడట. ఈసారి శశికాంత్‌గారినే ఇంకొకరు అనుమానించారు. పెద్దాయన ఇంటికి వెళ్ళి పుస్తకం తిరగేశాడు. ఉంది. ఒక్క వాక్యం, ఒక పటం. కానీ ఊరి పేరు చందుర్తి కాదు. ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న కొండూరు.

"పేరు కూడా దొబ్బేశారండీ!" అని మెట్ల మీద నిలబడి అరిచిన అరుపు మా ఇంట్లోకి వినబడింది.

గ్రూబర్ మంచివాడే. శరత్కాలంలో చర్చి హాల్లో జరిగే ప్రదర్శనలో ఒక బల్ల ఇస్తానన్నాడు. దాని ముందు అట్టముక్క మీద చందుర్తి అని పెద్ద అక్షరాల్లో రాసి, కొండూరు అని కింద చిన్నగా రాయడానికి ఒప్పుకున్నాడు. ఒకటే షరతు: బొమ్మలు పటంలో ఉన్నట్టే ఉండాలి. ప్రదర్శన రోజు పొద్దున్న తనే వచ్చి చూస్తాడు. ఒక్కడు తప్పు చోట ఉన్నా బల్ల తీసేస్తారు, అట్టముక్కా తీసేస్తారు.

ఆ అట్టముక్క కోసం శశికాంత్‌గారు పడ్డ తపన చూస్తే నాకు నిజంగా జాలేసింది. కాలేజీలో ఒక లెక్చరరు, "మీ ఊళ్ళో యుద్ధమేమిటోయ్, మీ తాత కోతలు కోశాడు" అని అందరి ముందూ నవ్వాడట. ఆ నవ్వు ఆయన ఇంకా మరిచిపోలేదు. "మా తాత అబద్ధం ఆడలేదండి. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదండి" అన్నారొకసారి నాతో. అనుమానం మనిషికి ప్రపంచంలో అనుమానం లేనిది ఆ తాత మాట ఒక్కటే.

పని మొదలైంది. గ్రూబర్ దగ్గర మన సిపాయిల అచ్చు లేదు, ఇంగ్లీషు సోల్జరు అచ్చు ఒక్కటే ఉంది. ఎర్రకోటూ టోపీ ఇద్దరికీ ఒకటే. తేడా అంతా మొహంలోనే చూపించాలి. ఇంగ్లీషువాళ్ళ మొహాలకి సంఘంవాళ్ళు గులాబిరంగు పూసి ఇచ్చారు. మనవాళ్ళ మొహాలు వదిన చేతికి వచ్చాయి. ఆవిడ ముగ్గు వేస్తే గీత చెదరదు. కందిగింజంత మొహంలో కళ్ళు, మీసం, నుదుట నామం. ఒకడికి గాటు, ఒకడికి తెల్లబడ్డ కనుబొమలు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని వేస్తూ ఒక్కొక్కరికీ పేరు పెట్టింది. పైడయ్య, సింహాద్రి, అప్పన్న.

ఆయనకి వెంటనే అనుమానం. "ఇవన్నీ మీ జిల్లా పేర్లే!"

"మీ జిల్లా పేర్లెడితే దెబ్బలు తగలవేటండి?" అంది వదిన, తల ఎత్తకుండా.

తరవాత చేను. గ్రూబర్ పుస్తకంలో "ఇండియా కంకి" అని ఉందట. అదంటే మొక్కజొన్నే అనుకుని ఆయన ప్లాస్టిక్ మొక్కజొన్న తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ బవేరియాలో ఎటు చూసినా అదే కదా. శశికాంత్‌గారు ఒంటికాలి మీద లేచారు. మొక్కజొన్న కాదు, జొన్న. జర్మన్‌లో ఆ తేడా చెప్పడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. చివరికి వదినే దారి చూపించింది. మ్యూనిక్ ఇండియన్ షాపు నుంచి చీపురుకట్ట తెచ్చి, పుల్లలు తుంచి, కొసలకి జిగురు అద్ది, తెల్ల గసగసాల్లో ముంచింది. అచ్చం జొన్నకంకులే. నాకు ఆకలేసింది కూడా.

ఇక్కడి నుంచి ఆయన నిద్రాహారాలు మానేశారు. భార్య మీద అనుమానం మొదలైంది.

ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపి గొంతు తగ్గించారు. "ప్రవీణగారూ, మీరు గమనించారా? చేను మరీ దట్టంగా చేత్తంది. నేనడిగిందానికి రెట్టింపు. ఎందుకంటారు?"

"జొన్న గట్లనే ఉంటదన్నా."

"బొమ్మలు పట్టుకునే నా ట్వీజర్ కనపడ్డంలేదు. గ్రూబర్‌కి తనే ఫోన్ చేసింది, జర్మన్‌లో. నేను గదిలోకెళ్తే పెట్టేసింది. నాకర్థమైపోయిందండి. వాళ్ళ రాజుగార్ని పల్లంలోంచి పైకి తెచ్చేత్తది. ఇన్నేళ్ళ కసి! మీరు కాస్త ఓ కంట కనిపెడతా ఉండండి."

నాకు తిక్క రేగింది. "అన్నా, నన్ను మా వదిన మీద కాపలా పెడ్తవా? గామె నీకోసం కండ్లు పోగొట్టుకొని పెయింటింగ్ చేస్తుంటే గిదేం మాట?"

ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే ఆ తరవాత నాక్కూడా మనసులో ఏదో గుచ్చుకుంది. వదిన మామూలుగా లేదు. నేను వెళ్తే బొమ్మల డబ్బా మీద చీరకొంగు కప్పేది. "ఏంది వదినా?" అంటే "ఏటీ లేదు" అనేది. అనుమానం అంటురోగం కాబోలు, ఆయన పక్కన ఉండి ఉండి నాకూ తగిలింది.

ప్రదర్శన ముందురోజు మధ్యాహ్నం అందరం కలిసి హాల్లో బల్ల సర్దాం. పటం పక్కన పెట్టుకుని శశికాంత్‌గారే ఒక్కొక్కరినీ నిలబెట్టారు. ఎదురుగా పరాసులు, ఫిరంగులు. ఇటు జెండా పట్టుకుని పైడయ్య, సింహాద్రి, అప్పన్న, వాళ్ళ వరస. వెనక చేలో ఇంగ్లీషువాళ్ళు. మూలగా పల్లంలో రాజుగారి జనం. ఈ చివరివాళ్ళని మాత్రం నాలుగు వైపుల నుంచీ ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. వదిన అది చూసి పెదవి విరిచింది.

మర్నాడు మేం వెళ్ళేసరికి గ్రూబర్ తలుపు దగ్గరే ఎదురయ్యాడు. "మీ ఆవిడ ఎంత శ్రద్ధ గల మనిషి! నిన్న సాయంత్రం నా దగ్గర తాళంచెవి తీసుకుని వచ్చి, చేనుకి తుది మెరుగులు దిద్దుకుంది" అని మెచ్చుకున్నాడు.

శశికాంత్‌గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వదిన ఏమీ ఎరగనట్టు, నేను తెచ్చిన పకోడీల డబ్బా తీసుకుని కేకుల బల్ల వైపు వెళ్ళిపోయింది. ఆయన పరుగున వెళ్ళి పల్లం మీద వంగారు. ఫోన్‌లో ఫోటో, పల్లంలో బొమ్మ. మళ్ళీ ఫోటో, మళ్ళీ బొమ్మ. ఒక్కడు కదిలితే ఒట్టు. రాజుగారి జనం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

"ఏమీ మార్చలేదండి" అన్నారు నాతో. సంతోషించాలి కదా. అదేం లేదు. ఇంకా భయపడ్డారు. "ఏమీ మార్చకపోతే మరి ఎందుకొచ్చినట్టు?"

గ్రూబర్ కళ్ళజోడు సర్దుకుని, పటం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు. ఫిరంగులు సరిపోయాయి. పరాసుల వరస సరిపోయింది. ముందు ఎర్రకోట్లు, జెండా, సరి. చేలో పుల్లల మధ్య ఎర్రగా కోట్లు, సరి. పల్లం సరి. శశికాంత్‌గారు ఊపిరి బిగబట్టి ఆయన వేలు ఎటు వెళ్తే అటు చూస్తున్నారు. చివరికి పెద్దాయన తల ఊపి, జేబులోంచి అట్టముక్క తీసి, బల్ల అంచుకి తగిలించాడు. చందుర్తి. పెద్ద అక్షరాలు. కింద చిన్నగా కొండూరు.

శశికాంత్‌గారు ఆ అక్షరాల మీద చేయి పెట్టి అలాగే నిలబడిపోయారు. కళ్ళు తుడుచుకున్నారు. నేను పక్కకి తిరిగిపోయాను, నాకూ ఆగలేదు.

జనం ఇంకా రాలేదు. ముందు వరసలో ఒకడి భుజం మీద గసగసాల గింజ ఒకటి రాలి ఉంటే ఊదడానికి ఆయన వంగారు. వంగినవారు లేవలేదు. నేను దగ్గరికెళ్ళాను. ఆయన చూపు ఆనిన చోటే నేనూ చూశాను. భుజం ఎర్రగానే ఉంది. మొహం గులాబిరంగు. వాడి పక్కవాడిదీ గులాబిరంగే. మీసం లేదు, నామం లేదు. జెండా పట్టుకున్నవాడి కళ్ళు నీలం చుక్కలు. ముందు నిలబడ్డ వరస వరసంతా ఇంగ్లీషువాళ్ళే.

ఆయన చేను వైపు వెళ్ళి, వేలితో చీపురుపుల్లలు మెల్లగా పక్కకి తప్పించారు. గసగసాలు రాలాయి. లోపలి నుంచి తెల్ల కనుబొమల సింహాద్రి ఆయన్ని చూశాడు. వాడి వెనక పైడయ్య, అప్పన్న. పొద్దుటి నుంచీ ఆయన కాపలా కాసింది పల్లాన్ని. చూసింది కోట్లని. ఆయనా, గ్రూబరూ, నేనూ, ముగ్గురం పరాసుల్లాగే మోసపోయాం.

వదిన వచ్చి పక్కన నిలబడింది.

"మంగా," అన్నారాయన. "చేలో ఎవరున్నారు?"

"పైడయ్యున్నాడు. సింహాద్రున్నాడు. అప్పన్నున్నాడు. ఇంకెవులు కావాలేటి మీకు?"

"తెలిస్తే బల్ల పీకేత్తారే! మా తాత పేరు..."

"పీకెయ్యనీండి. పెళ్ళైన కాణ్ణుంచి వింతన్నాను. రోజూ ఈళ్ళని ముందర నిలబెట్టి చంపడవే కదండీ మీ కథ? మొహాలు రాసింది నేను. కళ్ళు పెట్టాను, మీసాలు పెట్టాను, పేర్లు పెట్టాను. ఇంత చేసి ఆ ఫిరంగుల ముందు వదిలెయ్యమంటే నాకు చేతులాడలేదు. మా రాజుగారిని ఎక్కడ కూకోబెడతారో మీ ఇష్టం, నాకేటి?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చేతిసంచిలోంచి ట్వీజర్ తీసి ఆయన ముందు పట్టుకుంది. "ఇదిగో. నిజవే కావాలంటే మీరే మార్చుకోండి. నేను మార్చను."

ఆయన ట్వీజర్ తీసుకున్నారు. పుస్తకమూ, పటమూ, తాత మాటా అన్నీ ఆయన వైపే ఉన్నాయి. బల్ల మీదకి వంగి, ముందు వరసలో జెండా పట్టుకున్న తెల్లవాడి నడుముకి ట్వీజర్ ఆనించారు. తలుపులు తెరుచుకున్నాయి. గ్రూబర్ తొలి అతిథుల్ని తిన్నగా మా బల్ల దగ్గరికే తీసుకొచ్చాడు.

అందులో ఒక పొడుగాటి పెద్దమనిషి బల్లకి అవతల, పరాసుల ఫిరంగుల వెనక నిలబడ్డాడు. ముందు ఎర్రకోట్లని చూశాడు. తరవాత మెడ సాచి చేను వైపు చూశాడు.

"ఆ చేలో ఎవరైనా ఉన్నారా?" అని జర్మన్‌లో అడిగాడు.

గ్రూబర్ ముసిముసిగా నవ్వుతూ శశికాంత్‌గారి వైపు చూశాడు, చెప్పమన్నట్టు. చిన్నప్పటి నుంచీ ఊరందరినీ తను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. ఇన్నాళ్ళకి ఎవరో ఆయన్ని అడిగారు. వదిన ఆయన చేతిలోని ట్వీజర్ వైపే చూసింది. నేనూ అంతే.

శశికాంత్‌గారు ట్వీజర్‌ని చొక్కా జేబులో వేసుకున్నారు.

"నీమాండ్," అన్నారు. "ఎవరూ లేరండి. ఉత్త జొన్నలే."

గ్రూబర్ నోరు తెరిచాడు. శశికాంత్‌గారు అది చూడనట్టు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ పెద్దమనిషికీ చేనుకీ మధ్య నిలబడ్డారు.